పై అంతస్తుకి ఊచలు వదిలినట్టు: ఒక్క డేటాబేస్ సర్వర్‌తో మొదలుపెట్టి క్లస్టర్‌కి దారి ఉంచుకోవడం ఎలా

పర్లాకిమిడిలో ఏ వీధిలో నిలబడి తలెత్తినా స్లాబుల మీద ఊచలు కనిపిస్తాయి. డబ్బులు కూడినప్పుడు ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల ఊచలు కోయకుండా వదిలేస్తారు. కొందరు వాటికి సిమెంటు పాలు పూస్తారు, కొందరు తుప్పుకి వదిలేస్తారు. పై అంతస్తు పదేళ్లకి లేస్తుందో, అసలు లేవదో ఎవరికీ తెలీదు. అయినా ఊచలు వదలడానికి పెద్దగా ఖర్చు లేదు. కోసేశాక మళ్లీ పిల్లరు చెక్కి అతకాలంటేనే ఖర్చు, పైగా ఆ అతుకు మీద నమ్మకం ఉండదు.

డేటాబేస్ సర్వర్ కొనేటప్పుడు లెక్క ఇదే. నేను ఒడిశా, ఆంధ్ర సరిహద్దుకి రెండు వైపులా కొట్లున్న ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. ఒక కొట్టు ఒడిశా వైపు పర్లాకిమిడిలో, ఇంకోటి ఆంధ్ర వైపు పాతపట్నంలో, గోడౌను ఊరి చివర. సర్వర్ మార్చాల్సి వచ్చినప్పుడు షావుకారు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఇప్పుడికి ఒక్కటి చాలు బాబూ. రెండోది పైయేడు చూద్దాం." ఆ మాటలో తప్పేం లేదు. ఈ రోజే మూడు మెషీన్లు కొని క్లస్టర్, అంటే ఒకే డేటాని కలిసి మోసే సర్వర్ల గుంపు, కట్టమని నేనూ చెప్పను. కానీ ఈ రోజు కాయితం మీద తీసుకోవాల్సిన నిర్ణయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగానికి పైగా మెషీన్‌కి సంబంధించినవి కావు, మీ ప్రోగ్రాం రాసిన తీరుకి సంబంధించినవి. నేను వాడేది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కాబట్టి వివరాలు దానివే ఇస్తాను.

1. ముందు యజమానిని రెండు ప్రశ్నలు అడగండి

క్లస్టర్ అన్న మాట ఎత్తకండి. ఎత్తితే అవతలి వాళ్లు "ఎంతవుద్ది?" అంటారు, సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. అడగాల్సినవి ఇవి: సర్వర్ పడిపోతే ఎంతసేపు ఓర్చుకోగలరు? పడిపోయిన క్షణంలో కొట్టిన బిల్లులు ఎన్ని పోయినా ఫర్వాలేదు?

మా షావుకారు గారి జవాబు నన్ను ఆశ్చర్యపరిచింది. "అరగంట ఆగినా ఏటీ అవదు, చిట్టా పుస్తకంలో రాసుకుంటాం. కానీ ఒక్క బిల్లు పోయినా నేనొప్పుకోను." అంతవరకూ నేను తెల్లవార్లూ నిద్ర లేకుండా చదివింది ఒక సర్వర్ పడితే పని దానంతటదే ఇంకో సర్వర్‌కి మారిపోయే ఆటోమేటిక్ ఫెయిలోవర్ గురించి. ఆయనకి అది అక్కర్లేదు. ఆయనకి కావాల్సింది, బిల్లు పడే లోపే అది రెండు చోట్ల రాసి ఉండటం. అంటే సింక్రనస్ రెప్లికేషన్: ఒక సర్వర్ రాతలు ఇంకోదానికి కాపీ అవుతుంటే రెప్లికేషన్, కాపీ చేరిందని తెలిశాకే రాత పూర్తయినట్టు లెక్కేస్తే సింక్రనస్.

ఇక్కడే ఒక మెలిక ఉంది. రెండే మెషీన్లు పెట్టి సింక్రనస్ చేశారనుకోండి. రెండోది ఆగిపోతే మొదటిది దాని కోసం ఎదురుచూస్తూ కమిట్ దగ్గర, అంటే రాతని ఖాయం చేసే చోట, నిలబడిపోతుంది. ఒకటి పాడైనా పని ఆగకూడదని రెండు పెట్టి, ఏ ఒక్కటి పాడైనా పని ఆగేలా చేసుకున్నట్టు! అందుకే బిల్లు పోకూడదు, కొట్టూ ఆగకూడదు అనేవాళ్లకి లెక్క మూడు మెషీన్లు. ఒకటి రాస్తుంది, మిగతా రెండింట్లో ఏదో ఒకటి "అందింది" అంటే చాలు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ "ఏదో ఒకటి" పద్ధతి 10వ వెర్షన్ నుంచి ఉంది. యజమాని జవాబు దీనికి తలకిందులుగా ఉంటే, అంటే నాలుగు బిల్లులు పోయినా ఫర్వాలేదు గానీ నిమిషం ఆగకూడదంటే, దారి వేరు. ఆ జవాబుని తేదీతో సహా రాసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత మెషీన్ కొనే రోజున పనికొస్తుంది.

అన్ని మెషీన్లలోనూ ఒకేసారి రాయగలిగే క్లస్టర్ల సంగతేమిటని మీరు అడగొచ్చు. మరియాడీబీ, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లు వాడేవాళ్లకి గలేరా ఉంది. అది మంచిదే. కానీ అక్కడ టేబుళ్లన్నీ ఇన్నోడీబీ అనే నిల్వ రకంలో ఉండాలి, ప్రతి టేబుల్‌కీ ప్రైమరీ కీ (ప్రతి వరసనీ విడిగా గుర్తించే కాలమ్) ఉండాలి, రాత వేగం అన్నిటికంటే నెమ్మదిగా ఉన్న మెషీన్‌ని బట్టి ఉంటుంది. రెండు కౌంటర్లు వేర్వేరు మెషీన్ల మీద ఒకే మందు స్టాకుని ఒకేసారి తగ్గిస్తే ఒకరి కమిట్ వెనక్కి కొడుతుంది, దాన్ని మళ్లీ ప్రయత్నించే బాధ్యత మీ ప్రోగ్రాందే. పది కౌంటర్ల వ్యాపారానికి ఒకటి రాసి మిగతావి కాపీ చేసుకునే పద్ధతే తేలిక అని నా అభిప్రాయం.

2. బిల్లు నంబరుని డేటాబేస్ సీక్వెన్స్‌కి వదిలేయకండి

ఈ ఒక్క అంశం కోసమే ఇదంతా రాస్తున్నాను అనుకున్నా ఫర్వాలేదు. మిగతావి తర్వాతైనా ఎలాగో సర్దుకోవచ్చు, ఇది సర్దుకోవడం నరకం.

జీఎస్టీ నిబంధనల ప్రకారం బిల్లు నంబరు వరసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. సరిహద్దు వ్యాపారికి రెండు రాష్ట్రాల్లో రెండు రిజిస్ట్రేషన్లు ఉంటాయి. ఒడిశా కోడ్ 21, ఆంధ్ర కోడ్ 37. అందుకని రెండు వరసలు నడుస్తాయి. మేం పెట్టుకున్న నమూనా 21/25-26/000417. గీతలతో కలిపి 15 అక్షరాలు.

ఇప్పుడు ఆ చివరి ఆరంకెలని మీరు పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ (అడిగిన ప్రతిసారీ తర్వాతి నంబరు ఇచ్చే డేటాబేస్ సదుపాయం) నుంచి తీసుకుంటున్నారనుకోండి. ఏడాదంతా బాగానే ఉంటుంది. సీక్వెన్స్ ప్రతి నంబరునీ విడిగా లాగ్‌లో రాయదు, పని తగ్గించుకోవడానికి 32 నంబర్లు ముందుగానే ఖర్చయినట్టు రాసేసుకుంటుంది. మెషీన్ మామూలుగా నడుస్తున్నంతకాలం ఈ సంగతి బయటపడదు. కరెంటు పోయి మెషీన్ అర్ధాంతరంగా ఆగినా, కాపీ ఉంచుకుని సిద్ధంగా ఉండే స్టాండ్‌బై మెషీన్ పగ్గాలు తీసుకున్నా, అది ఆ ముందు రాసిన చోటు నుంచి మొదలుపెడుతుంది. 000417 తర్వాత 000450 రావచ్చు. మధ్యలో బిల్లులేవని ఆడిటర్ అడిగితే "డేటాబేస్ అలా చేస్తుందండీ" అని చెప్పి చూడండి, ఆయన ముఖం ఎలా ఉంటుందో! ఫెయిలోవర్ సంగతి పక్కన పెట్టినా, మధ్యలో రద్దయిన ట్రాన్సాక్షన్‌కి (మొత్తం జరగాల్సిన, లేదా మొత్తం రద్దవాల్సిన రాతల కట్టకి) ఇచ్చిన నంబరు కూడా సీక్వెన్స్‌కి తిరిగి రాదు.

కాబట్టి చిన్న టేబుల్ ఒకటి పెట్టండి. రాష్ట్రం కోడ్, ఆర్థిక సంవత్సరం, ఆఖరి నంబరు, మూడే కాలమ్‌లు. బిల్లు రాసే ట్రాన్సాక్షన్‌లోనే ఆ వరసని ఒకటి పెంచి, పెరిగిన నంబరు తీసుకోండి. బిల్లు రద్దయితే నంబరు కూడా దానితోపాటే వెనక్కి పోతుంది. ఆ క్షణంలో ఇంకో కౌంటర్ కాస్త ఆగాల్సి వస్తుంది, నిజమే. కొన్ని మిల్లీసెకన్ల పాటు ఆగితే కొట్టు మునిగిపోదు. ఆ పెంచే పని మాత్రం ట్రాన్సాక్షన్ చివర్లో పెట్టండి, మొదట్లో పెడితే బిల్లు పూర్తయ్యేదాకా అందరూ ఆగాలి.

ఇంకో ప్రమాదం ఉంది, అది నంబర్లు ఎగరడం కన్నా ఘోరం. రెప్లికేషన్ సింక్రనస్ కాకపోతే, మెషీన్ పడిన క్షణంలో ఆఖరి రెండు మూడు బిల్లులు స్టాండ్‌బైకి చేరి ఉండవు. కాయితం మీద మాత్రం అచ్చయి, కాశీనగర్ నుంచి వచ్చిన మెడికల్ షాపు అతను జేబులో పెట్టుకుని బస్సెక్కేసి ఉంటాడు. కొత్త మెషీన్‌కి ఆ సంగతి తెలీదు. అదే నంబరు ఇంకొకరికి ఇస్తుంది. ఒకే నంబరుతో ఊళ్లో రెండు బిల్లులు! అందుకే రెండు నియమాలు. కమిట్ అయిందని జవాబు వచ్చాకే ప్రింటర్‌కి పంపండి. స్టాండ్‌బైని ప్రైమరీ, అంటే రాతలు తీసుకునే అసలు సర్వర్, చేసిన రోజున కౌంటర్ తెరిచే ముందు, ఆఖరుగా అచ్చయిన బిల్లు మీది నంబరుని డేటాబేస్‌లో ఉన్నదానితో కంటితో పోల్చండి.

బిల్లు నంబరు వేరు, టేబుల్ లోపలి కీ వేరు. లోపలి కీకి పెద్ద ఇంటీజర్, అంటే బిగ్ఇంట్ వాడండి. మామూలు ఇంటీజర్ 2,147,483,647 దగ్గర ఆగిపోతుంది. మీ వ్యాపారం అంత దూరం రాకపోవచ్చు, స్టాక్ కదలికల టేబుల్ మాత్రం అనుకున్నదానికంటే త్వరగా నిండుతుంది. రెండు ఊళ్లలో రెండు డేటాబేస్‌లు విడివిడిగా రాసి తర్వాత కలిపే ఆలోచన ఉంటే యూయూఐడీ, అంటే ఎక్కడ పుట్టినా ఇంకోదానితో కలవని పొడుగాటి గుర్తింపు నంబరు, వాడండి. పోస్ట్‌గ్రెస్ 18లో కాలక్రమం తప్పకుండా వచ్చే ఏడో రకం యూయూఐడీ లోపలే ఉంది. ఏది వాడినా ప్రైమరీ కీ లేని టేబుల్ ఒక్కటీ మిగలకూడదు. టేబుళ్లలోని మార్పుల్ని వరస వరసగా పంపే లాజికల్ రెప్లికేషన్ పెట్టిన రోజున అలాంటి టేబుల్ మీద అప్‌డేట్, డిలీట్ చేయబోతే ఎర్రర్ వస్తుంది.

3. ఐపీ అడ్రస్ ఎక్కడా చేత్తో రాయకండి

ఈ తప్పు చేసింది నేనే. పాత సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ ఐపీ పదకొండు చోట్ల రాసి ఉంది. బిల్లింగ్ కంప్యూటర్లు, బార్‌కోడ్ లేబుళ్లు కొట్టే కంప్యూటర్, రాత్రి రిపోర్టు పంపే స్క్రిప్టు, ఇలాగ. కొత్త సర్వర్‌కి మారినప్పుడు పది మార్చాను. గోడౌన్‌లో సరుకు దింపుకునే కంప్యూటర్ మర్చిపోయాను. పాత సర్వర్‌ని "ఎందుకైనా మంచిది, రెండ్రోజులు ఉండనీ" అని ఆపకుండా వదిలేశాను. రెండు రోజుల పాటు సరుకు రాక పాత మెషీన్‌లోకి, అమ్మకాలు కొత్త మెషీన్‌లోకి పోయాయి. మూడో రోజు పొద్దున్న కౌంటర్ మీద కుర్రాడు ఫోన్ చేశాడు: "అన్నా, పారాసిటమాల్ స్టాకు మైనస్ చూపిస్తోంది." ర్యాక్ నిండా పెట్టెలున్నాయి, స్క్రీన్ మీద మైనస్! ఆ రాత్రి రెండు మెషీన్ల రాతల్నీ పక్కపక్కన పెట్టుకుని వరస వరసా కలిపాను. పుస్తకాల్లో స్ప్లిట్ బ్రెయిన్ అని రాసేది దీన్నే, ఒకే లెక్కని రెండు బుర్రలు విడివిడిగా రాసుకోవడం.

కాబట్టి సర్వర్‌కి ఒక పేరు పెట్టండి. ఆ పేరు ఏ ఐపీకి చెందుతుందో రూటర్‌లోనో, చిన్న డీఎన్ఎస్‌లోనో ఒక్క చోటే ఉండాలి. ప్రోగ్రాంలో కనెక్షన్ వివరం ఒక్క ఫైల్‌లోనే ఉండాలి. తర్వాత రెండో సర్వర్ వచ్చినప్పుడు ఆ ఫైల్‌లో రెండు పేర్లు కామాతో రాసి, రాయడానికి వీలున్న సర్వర్‌నే పట్టుకోమని చెప్పొచ్చు. పోస్ట్‌గ్రెస్ సొంత లైబ్రరీకి ఈ తెలివి 10వ వెర్షన్ నుంచే ఉంది. మీ డ్రైవర్‌కి (ప్రోగ్రాంని డేటాబేస్‌తో కలిపే ముక్కకి) ఉందో లేదో ఈ రోజే చూసుకోండి, లేకపోతే మధ్యలో కనెక్షన్లని సరైన సర్వర్‌కి మళ్లించే హెచ్ఏప్రాక్సీ లాంటిది పెట్టాల్సి వస్తుంది.

కొట్టులో నెట్‌వర్క్ కూడా ఇప్పుడే ఆలోచించండి. రూటర్‌తో వచ్చే 192.168.0 లేదా 192.168.1 వరసని అలాగే ఉంచేస్తారు అందరూ. రేపు పర్లాకిమిడినీ పాతపట్నాన్నీ వీపీఎన్‌తో కలపాలంటే రెండు వైపులా అదే వరస, ఏ ప్యాకెట్ ఎటు పోవాలో తెలీదు. ఒక కొట్టుకి 10.21.1, ఇంకో కొట్టుకి 10.37.1 అని పెట్టాను. రాష్ట్రం కోడ్‌లే కాబట్టి మర్చిపోయేది లేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ డేటాబేస్‌ని ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. బిల్లింగ్ ప్రోగ్రాం తనంతట తాను మళ్లీ కలుసుకుందా, లేక ప్రతి కంప్యూటర్‌నీ మూసి తెరవాల్సి వచ్చిందా? రెండోదైతే మీకు ఎన్ని సర్వర్లున్నా ప్రయోజనం లేదు, ముందు ప్రోగ్రాంని బాగుచేయండి.

4. ఇన్‌స్టాల్ చేసే రోజు: చెక్‌సమ్, అక్షర క్రమం

చెక్‌సమ్‌లు వేసుకోండి. పోస్ట్‌గ్రెస్ 18 నుంచి అడక్కుండానే వస్తాయి. అంతకుముందు వెర్షన్లలో డేటాబేస్ మొదట తయారుచేసేటప్పుడు అడగాలి. తర్వాత పెట్టుకోవడం కుదురుతుంది గానీ సర్వర్ ఆపాలి. డిస్క్ పాడైన పేజీని మౌనంగా చదివేయకుండా ఇవి పట్టిస్తాయి. పాత ప్రైమరీని తిరిగి స్టాండ్‌బైగా మలిచే పీజీ రివైండ్‌కి కూడా ఇవి గానీ, వాల్ లాగ్ హింట్స్ అనే సెట్టింగు గానీ కావాలి.

అక్షర క్రమం సంగతి మాత్రం కాస్త నిదానంగా చదవండి, మన సరిహద్దు ఊళ్లకి ఇది మరీ ముఖ్యం. మా ఖాతాదారుల పేర్లు కొన్ని ఇంగ్లీషులో, కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో ఉన్నాయి. ఏ పేరు ముందు, ఏ పేరు వెనక అన్నది మామూలుగా పోస్ట్‌గ్రెస్ తేల్చదు, కింద ఉన్న లినక్స్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీని అడుగుతుంది. ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ కట్టుకునే సూచిక) అంతా ఆ క్రమం మీదే కట్టి ఉంటుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ క్రమం భారీగా మారింది. ఉబుంటు లినక్స్ 18.04లో ఉన్నది పాత క్రమం, 20.04లో ఉన్నది కొత్తది.

ఇప్పుడు మన కథకి రండి. మొదటి సర్వర్ ఈ రోజు కొన్నారు. రెండోది రెండేళ్ల తర్వాత కొంటారు, దాని మీద సహజంగానే అప్పటి కొత్త ఉబుంటు వేస్తారు. రెప్లికేషన్ నడుస్తుంది, ఏ ఎర్రరూ రాదు, పచ్చ లైటు వెలుగుతుంది. కానీ ఆ మధ్యలో క్రమం మళ్లీ మారి ఉంటే, కాపీ అయిన ఇండెక్స్ పాత క్రమంలో ఉంటుంది, కొత్త మెషీన్ వెతికేది కొత్త క్రమంలో. ఫెయిలోవర్ అయిన రోజున ఉన్న ఖాతాదారు "లేడు" అంటుంది. కౌంటర్‌లో కుర్రాడు మళ్లీ కొత్త ఖాతా తెరుస్తాడు. ఒకే పేరు రెండుసార్లు ఉండకూడదని పెట్టిన యూనిక్ నియమం కూడా దాన్ని ఆపలేదు, ఎందుకంటే అదీ ఆ ఇండెక్స్‌నే నమ్ముకుంది. "తర్వాత కలుపుదాం" అనుకునేవాళ్లనే కాటేసే పాము ఇది, రెండు మెషీన్లూ ఒకే రోజు కొన్నవాళ్ల జోలికి రాదు.

మందు రెండు విధాలు. పోస్ట్‌గ్రెస్ 17 లేదా ఆ పైది అయితే, డేటాబేస్ తయారుచేసేటప్పుడు బిల్టిన్ లొకేల్ ప్రొవైడర్ అడిగి, సీ-యూటీఎఫ్8 ఎంచుకోండి. అప్పుడు క్రమం పోస్ట్‌గ్రెస్ చేతిలోనే ఉంటుంది, లినక్స్ మారినా కదలదు. అంతకంటే పాతదైతే ఉత్త సీ కొలేషన్ (కొలేషన్ అంటే అక్షర క్రమం) పెట్టుకోవచ్చు, లేదా రెండో మెషీన్ మీద కూడా అదే లినక్స్ వెర్షన్ వేస్తామని ఒట్టు పెట్టుకోవాలి. ఈ క్రమంలో యూనికోడ్ నంబర్ల వరసే వస్తుంది కాబట్టి ముందు ఇంగ్లీషు పేర్లు, తర్వాత ఒడియా, ఆ తర్వాత తెలుగు వస్తాయి. "ళ" మన అక్షరమాలలోలా చివర్న కాకుండా "ల" పక్కనే కూర్చుంటుంది. ఖాతాదారుల జాబితా అచ్చుకి అందంగా కావాలంటే ఆ ఒక్క రిపోర్టులో, భాషల అక్షర క్రమం తెలిసిన ఐసీయూ లైబ్రరీ కొలేషన్ అడగండి, ఇండెక్స్‌ని మాత్రం ముట్టుకోకండి.

వెర్షన్ల గురించి ఒక్క ముక్క: పోస్ట్‌గ్రెస్ అసలు వెర్షన్ నంబరు రెండు మెషీన్ల మీదా ఒకటే ఉండాలి, 17కి 18 స్టాండ్‌బైగా పనిచేయదు. ఒక్కో వెర్షన్‌కి ఐదేళ్ల మద్దతు ఉంటుంది, అందుకే మొదలుపెట్టేటప్పుడే కొత్తదానితో మొదలుపెట్టండి.

5. రీస్టార్ట్ అడిగే సెట్టింగులు ఇప్పుడే

వాల్ అంటే పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే లాగ్, స్టాండ్‌బైకి వెళ్లేది ఇదే. వాల్ లెవెల్ రెప్లికా మీద ఉండాలి. పదో వెర్షన్ నుంచి అడక్కుండానే అలాగే వస్తుంది, ఎవరైనా తగ్గించారేమో చూడండి. వాల్‌ని పంపే వాల్ సెండర్లు, అవతలికి చేరనిదాన్ని చెరపకుండా ఉంచే రెప్లికేషన్ స్లాట్లు పది చొప్పున ఉంటాయి, చాలు. వాల్‌ని వేరే చోట దాచే ఆర్కైవ్ మోడ్‌ని ఈ రోజే ఆన్ చేసి, ఆర్కైవ్ కమాండ్ దగ్గర ఏమీ చేయకుండా "సరే" అనే ట్రూ కమాండ్ పెట్టేయండి. మోడ్ మార్చాలంటే రీస్టార్ట్ కావాలి, కమాండ్ మార్చడానికి రీలోడ్ చాలు. మాక్స్ కనెక్షన్స్‌ని భయంతో ఐదొందలకి పెంచకండి. స్టాండ్‌బై మీద అది ప్రైమరీ కంటే తక్కువ ఉండకూడదు కాబట్టి, రేపు చిన్న మెషీన్‌ని స్టాండ్‌బైగా పెట్టుకునే వెసులుబాటు పోతుంది. వంద దగ్గర ఉంచి, డేటాబేస్ ముందు కనెక్షన్లని పంచిపెట్టే పీజీబౌన్సర్ పెట్టండి.

6. డిస్క్, కరెంటు, తుఫాను

మామూలు కంప్యూటర్ షాపులో అమ్మే ఎస్ఎస్‌డీలకి కరెంటు పోయిన క్షణంలో చేతిలో ఉన్న రాతని కాపాడే కెపాసిటర్లు ఉండవు. పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్నదే అడగండి, అది రాసి ఉన్న కాయితం చూపించమనండి. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ నడిపితే డిస్క్ నిజాయితీ కొంత తెలుస్తుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకి 120 చుట్లే తిరుగుతుంది. ఒకదాని తర్వాత ఒకటిగా అంతకి ఎన్నో రెట్లు రాశానని చెబితే, అది ప్లేటు మీద రాయలేదు, రాశానని బొంకుతోంది.

2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా మీద విరుచుకుపడింది. మా వీధికి కరెంటు రావడానికి రోజులు పట్టింది. క్లస్టర్ ఆలోచించేటప్పుడు నాకు ఆ రోజులే గుర్తొస్తాయి. రెండు సర్వర్లు ఒకే ఇన్వర్టర్ మీద, ఒకే గదిలో పెడితే అవి రెండు కావు, ఒకటే. పర్లాకిమిడిలో ఒకటి, పాతపట్నంలో ఒకటి పెట్టినా తుఫాను రెండింటినీ కలిపే కొడుతుంది. బరంపురంలో పెడదామా అంటే, 2013లో ఫైలిన్ తీరం దాటింది దాని పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గరే. అందుకని పక్క పక్క మెషీన్లు సింక్రనస్‌గా, దూరపు కాపీ ఒకటి హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఆలస్యం అయినా ఫర్వాలేదన్న పద్ధతిలో ఉంచాలని మా ప్లాన్.

ఆ దూరపు కాపీ కోసం వాల్ ఎంత పుడుతోందో ఇప్పుడే కొలవండి. రద్దీ వేళలో వాల్ ప్రస్తుత స్థానాన్ని ఐదు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి తీసేస్తే చాలు. ఐదు నిమిషాలకి 60 ఎంబీ వచ్చిందనుకోండి, నిమిషానికి 12 ఎంబీ, అంటే సెకనుకి 1.6 మెగాబిట్లు. మామూలు ఫైబర్ లైను సునాయాసంగా మోస్తుంది. అదే లైను తెగితే, రోజంతా అదే రద్దీ అనుకుని లెక్కేసినా రోజుకి 17 జీబీ చొప్పున మూడు రోజులకి 52 జీబీ సర్వర్‌లోనే పేరుకుంటుంది. రెప్లికేషన్ స్లాట్ ఉంటే పోస్ట్‌గ్రెస్ దాన్ని చెరపదు, డిస్క్ నిండి సర్వర్ ఆగేదాకా దాచుతూనే ఉంటుంది! కాబట్టి వాల్‌కి వేరే డిస్క్ లేదా వేరే భాగం ఇచ్చి, దాని మీద కనీసం వంద జీబీ ఖాళీ ఉంచండి. 13వ వెర్షన్ నుంచి వచ్చిన స్లాట్ వాల్ పరిమితిని 60 జీబీ దగ్గర కట్టేయండి. పరిమితి దాటితే దూరపు కాపీని మళ్లీ మొదట్నుంచీ తీసుకోవాల్సి వస్తుంది, కొట్టు మాత్రం ఆగదు.

7. డేటాబేస్ బయట ఉన్నవి

మెడికల్ షాపుల డ్రగ్ లైసెన్సు స్కాన్ కాపీలు సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. రెప్లికేషన్‌కి ఆ ఫోల్డర్ సంగతి తెలీదు. రాత్రి నడిచే క్రాన్ పనులు, కాన్ఫిగరేషన్ ఫైళ్లు, అదనంగా వేసిన ఎక్స్‌టెన్షన్లు, లాగ్‌లో రాయని అన్‌లాగ్డ్ టేబుళ్ల లోపలి డేటా, ఇవేవీ అవతలికి వెళ్లవు. ఒక జాబితా రాసుకోండి.

అలాగే రెప్లికేషన్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి. ఎవరో షరతు లేకుండా మొత్తం ధరల టేబుల్‌ని అప్‌డేట్ చేస్తే, ఆ తప్పు రెప్పపాటులో మూడు మెషీన్లలోనూ ముచ్చటగా కాపీ అవుతుంది.

8. పాత లాప్‌టాప్ మీద రిహార్సల్

రెండో సర్వర్ కొనక్కర్లేదు. మూల పడేసిన లాప్‌టాప్ మీద అదే లినక్స్, అదే పోస్ట్‌గ్రెస్ వేసి, ఒక ఆదివారం పూట పీజీ బేస్‌బ్యాకప్‌తో కాపీ తీసి స్టాండ్‌బైగా నిలబెట్టండి. పీజీ స్టాట్ రెప్లికేషన్ వ్యూలో అది కనిపించిందా చూడండి. సర్వర్ నెట్‌వర్క్ వైరు పీకేయండి. లాప్‌టాప్‌ని ప్రమోట్ చేయండి, అంటే ప్రైమరీగా మార్చండి. పేరు ఏ ఐపీకి చెందాలో మార్చి, ఒక కౌంటర్ నుంచి ఉత్తుత్తి బిల్లు కొట్టి చూడండి. ఈ బిల్లు లాప్‌టాప్‌లోకే పోతుంది, అసలు లెక్కలోకి రాకుండా సాయంత్రం లాప్‌టాప్‌ని తుడిచేయాలి. నిజంగా ఫెయిలోవర్ చేసే రోజున పాత ప్రైమరీ తనంతట తాను లేవకుండా ఆటోస్టార్ట్ తీసేయడం అన్నిటికంటే ముందు. అది లేచి పాత పేరుతో కూర్చుంటే నా గోడౌన్ కథే మళ్లీ.

మేం మొదటిసారి చేసినప్పుడు గంటా పది నిమిషాలు పట్టింది. అందులో నలభై నిమిషాలు రెప్లికేషన్ యూజర్ పాస్‌వర్డ్ ఎక్కడ రాశానో వెతకడానికే. రెండోసారి ఇరవై రెండు నిమిషాలు, అంటే షావుకారు గారి అరగంటలోపు. ఆటోమేటిక్‌గా మారాలంటే ఫెయిలోవర్ నడిపే ప్యాట్రోనీ, దానికి ఓట్లు లెక్కపెట్టే ఈటీసీడీ కావాలి. రెండు మెషీన్లతో ఓటింగ్ సాగదు, మధ్యలో తీగ తెగితే ఎవరిది మెజారిటీ? మూడో ఓటు కోసం చిన్న మెషీన్ చాలు గానీ, ఈటీసీడీ ప్రతి మాటా డిస్క్ మీద రాసి గానీ ఒప్పుకోదు కాబట్టి దానికీ మంచి ఎస్ఎస్‌డీ ఇవ్వాలి.

ఆ ఇరవై రెండు నిమిషాల పనినీ ఒక నోట్‌బుక్‌లో వరసగా రాసి సర్వర్ గది తలుపు వెనక మేకుకి వేలాడదీశాను. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఒడియా. రాత్రి షిఫ్టు కుర్రాడికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. మొదటి పేజీలో షావుకారు గారి జవాబు, తేదీతో సహా. ఆఖరి పేజీలో రెండో సర్వర్ కొనే రోజు చూడాల్సినవి: లినక్స్ వెర్షన్, పోస్ట్‌గ్రెస్ వెర్షన్, ర్యామ్, వాల్ డిస్క్ సైజు. నాలుగింటి పక్కనా ఇప్పటి సర్వర్ విలువలు రాసి ఉన్నాయి, వాటి పక్కన ఇంకో గడి ఖాళీగా ఉంది.